గోడ మీద నిజాంసాగర్

బొమ్మ గురించి రేడియోలో మాట్లాడటం ఏమిటని ఎవరైనా నవ్వితే తప్పు పట్టను. చూపించడానికి నా దగ్గర ఇక్కడ కాగితమూ లేదు, తెరా లేదు. అయితే జహీరాబాద్ ప్రాంతం వాళ్లకు ఇది మరీ వింతేం కాదు. మన పక్కనే మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. సేద్యం చేసుకునే దళిత మహిళలే అందులో మాట్లాడతారు, వాళ్లే రికార్డు చేస్తారు, వాళ్లే ప్రసారం చేస్తారు. జొన్నచేను గురించి వాళ్లు చెబుతుంటే కంకిలో గింజ ఎంత గట్టిపడిందో ఇంట్లో కూర్చున్నవాళ్లకు తెలిసిపోతుంది. మాటలో చేను కనబడినప్పుడు ఆనకట్ట మాత్రం ఎందుకు కనబడదు?

నేను చెప్పబోయేది గోడకు తగిలించుకునే ఒక బొమ్మ గురించి. నలుపు తెలుపుల్లో, పెన్నుతో గీసిన పాత ఆనకట్ట బొమ్మ.

ఈమధ్య మన ఊళ్లో, ఆ మాటకొస్తే హైవే పొడవునా లేచిన కొత్త ఇళ్లన్నిట్లో, హాల్లో సోఫా వెనక గోడను ఖాళీగా వదిలేసి "ఇక్కడొక పెద్ద బొమ్మ పెట్టాలి" అంటున్నారు. గోడకు బూడిద రంగు, దాని మీద నలుపు తెలుపు బొమ్మ. ఇదీ ఇప్పటి ఫ్యాషన్. ఫోన్‌లో వెతికితే ఈఫిల్ టవర్ వస్తుంది, అమెరికాలోని హూవర్ డ్యామ్ వస్తుంది. డబ్బు కడితే వారం తిరక్కుండా ఇంటికొచ్చి పడుతుంది. పిల్లలకు డ్రాయింగ్ చెప్పి బతికినవాణ్ని కాబట్టి నన్నూ కొందరు సలహా అడుగుతుంటారు. అందరికీ ఒకటే చెబుతున్నాను. హూవర్ ఎందుకయ్యా, నిజాంసాగర్ పెట్టుకోండి.

ఒకరింట్లో ఈ మాట అనగానే మంచం మీద కూర్చున్న పెద్దావిడ అడ్డుపడింది.

"గదేంది సారూ, నల్లగ తెల్లగ పటమా? పోయినోళ్ల పటం లెక్క కొడ్తది. కొత్తింట్ల ఎర్రదో పచ్చదో పెట్టున్రి."

ఆమె మాటను కొట్టిపారేయలేం. మన ఇళ్లలో దేవుడి పటాలు రంగుల్లో ఉంటాయి, క్యాలెండర్లు రంగుల్లో ఉంటాయి. నలుపు తెలుపు పటం ఉందంటే అది తాతదో ముత్తాతదో అయివుంటుంది, దానికో గంధపు పేళ్ల దండ కూడా ఉంటుంది. ఇంట్లో ఆ రెండు రంగులకు అంతగా అర్థం స్థిరపడిపోయింది. అందుకని ఆమెకు ఇలా చెప్పాను. "పెద్దమ్మా, నిజాంసాగర్ కూడా మన పెద్దమనిషే. 1931లో తయారైంది. ఇంకా బతికే ఉంది, నీళ్లిస్తూనే ఉంది." ఆమె ఒక క్షణం ఆలోచించి, "బతికుంటే మరి దండెయ్యకున్రి" అంది. అనుమతి దొరికినట్టే కదా!

ఆ పెద్దమనిషి సంగతి కాస్త చెప్పుకోవాలి. మంజీర నది మీద అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య, ఇప్పటి కామారెడ్డి జిల్లాలో ఉంది నిజాంసాగర్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1923లో పని మొదలై 1931లో ముగిసింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877లో పుట్టి, హైదరాబాద్‌లో చదువుకుని, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజనీరింగ్ నేర్చుకుని వచ్చిన మనిషి. ఆయన పుట్టినరోజు జులై 11నే మనం తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆనకట్ట పొడవు 3 కిలోమీటర్లు. దాని మీద 14 అడుగుల వెడల్పున బండ్లు పోయే బాట. ఆనకట్ట కాలువల కింద చెరకు పండింది. ఆ చెరకును నమ్ముకుని 1930ల చివర్లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఫ్యాక్టరీ చుట్టూ పుట్టిన పేటకు శక్కర్‌నగర్ అని పేరొచ్చింది. ఒక గోడ అడ్డం కడితే దాని కింద ఇంత సంసారం పెరిగింది.

ఇక బొమ్మ దగ్గరికి వద్దాం. రంగుల ఫొటో ఉండగా గీతల బొమ్మ ఎందుకని అడగొచ్చు. రంగుల ఫొటోలో మన కన్ను ముందు నీళ్ల నీలం మీద పడుతుంది, తర్వాత ఆకాశం మీద, తర్వాత ఒడ్డున పచ్చగడ్డి మీద. ఆనకట్ట వంతు అందరికంటే చివర వస్తుంది. ఎందుకంటే పాత రాతికి చెప్పుకోదగ్గ రంగు లేదు, అదొక మాసిన బూడిద. రంగులన్నీ తీసేస్తే అప్పుడు రాయి ముందుకొస్తుంది. రాయి, దాని నీడ, ఆ రాయి మీద రాయి పెట్టిన మనిషి చెయ్యి.

పాత రాతి ఆనకట్ట ఏదైనా సరే, నీళ్లు లేని వైపు నిలబడి, గోడకు దగ్గరగా వెళ్లి ఒక్క గజం మేర చూడండి. రాళ్లు వరసలుగా ఉంటాయి. వరసలు సమానంగానే ఉంటాయి, వరసలోని రాళ్లు మాత్రం ఉండవు. ఒకటి జానెడు, పక్కది మూరెడు. రెండు రాళ్ల మధ్య అతుకు ఒకచోట సన్నం, ఇంకోచోట వెడల్పు. కొన్ని రాళ్ల ముఖం మీద ఉలి దెబ్బలు ఏటవాలుగా ఇప్పటికీ కనబడతాయి. ఆ వాలును బట్టి చెక్కినవాడు ఏ చేత్తో సుత్తి పట్టాడో ఊహించుకోవచ్చు. చెమ్మ కారిన చోట నల్లటి చార, దాని అంచున తెల్లగా పేరుకున్న సున్నం. ఎక్కడో ఒక అతుకులో రావి మొలక. ఇవన్నీ పుట్టుకతోనే నలుపు తెలుపులు. పెన్ను పెట్టడమే తరువాయి.

పిల్లలకు నేను చెప్పే సూత్రం ఒకటుంది. రాయిని గీయకండి, అతుకును గీయండి. రాయి అదే వస్తుంది. అదీ ప్రతి అతుకునూ గీయనక్కర్లేదు. ఎండ పడే వైపు అతుకులు వదిలేయాలి, నీడ వైపు ఒత్తి గీయాలి. అన్ని గీతలూ ఒకే ఒత్తిడితో లాగితే బొమ్మ అక్కడే చచ్చిపోతుంది. నీడ కోసం నలుపు పులమకుండా సన్నటి గీతలు పక్కపక్కన వేసి, వాటి మీద అడ్డంగా ఇంకో వరస వేస్తాం. దూరంగా నిలబడితే అది నీడ, దగ్గరకొస్తే గీతలు. గోడ మీద బొమ్మకు ఈ రెండు చూపులూ కావాలి. సోఫాలో కూర్చున్నవాడికి ఒక ఆనకట్ట, లేచి దగ్గరకొచ్చినవాడికి ఇంకో ఆనకట్ట కనబడాలి.

కష్టం ఇంకోచోట ఉంది. 3 కిలోమీటర్ల పొడవున్న దాన్ని 2 అడుగుల కాగితం మీదికి తేవాలి. లెక్క తప్పకుండా గీస్తే ఏమవుతుందో చూడండి. గోడ 30 మీటర్ల ఎత్తుందనుకున్నా కాగితం మీద అర సెంటీమీటరుకు కాస్త పైన ఉంటుంది, అంతే. అంటే మొత్తం నిజాంసాగర్ ఒక అడ్డగీత అయిపోతుంది. అందుకని గీసేవాడు ఎక్కడ నిలబడాలో ముందే తేల్చుకోవాలి. కట్ట కొసన నిలబడి చూస్తే బాట సన్నబడుతూ పోయి ఒక చుక్కలో కలిసిపోతుంది. ఆ పొడవు అప్పుడు అర్థమవుతుంది కానీ గోడ కనబడదు. కింద ఏట్లో నిలబడితే గోడ కనబడుతుంది, దాని పొడవు కనబడదు. ఒడ్డున గోల్ బంగ్లా ఉంది, నిజాం కాలపు గుండ్రటి కట్టడం. అది ముందు పెట్టి ఆనకట్టను వెనక్కి పంపితే బొమ్మ అందంగా కుదురుతుంది. చాలామంది అదే చేస్తారు. నాకు మాత్రం అది పెళ్లికొడుకును వెనక బెంచీలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. నన్నడిగితే కింద నుంచి, గోడలో ఒక ముక్క, నాలుగైదు గేట్ల మేర తీసుకోమంటాను. ఆ ముక్క సరిగ్గా వస్తే మిగతా మూడు కిలోమీటర్లు చూసేవాడు తనే పూర్తిచేసుకుంటాడు.

ఇంకో మాట. బొమ్మలో ఒక మనిషి ఉండాలి. అగ్గిపుల్లంత మనిషైనా సరే. 1936 నవంబర్ 23న అమెరికాలో లైఫ్ పత్రిక తొలి సంచిక వచ్చింది. దాని అట్ట మీద మార్గరెట్ బర్క్-వైట్ తీసిన నలుపు తెలుపు ఫొటో. మోంటానా రాష్ట్రంలో మిస్సోరి నది మీద కడుతున్న ఫోర్ట్ పెక్ డ్యామ్ అని చెప్పారు. నిజానికి అందులో ఉన్నది డ్యామ్ కాదు, దానికి కొన్ని మైళ్ల దూరంలోని స్పిల్‌వే, అంటే వరద నీరు దాటిపోయే కట్టడం. అయినా లోకమంతా దాన్ని డ్యామ్‌గానే గుర్తుపెట్టుకుంది. కోట బురుజుల్లాంటి ఆ కాంక్రీటు స్తంభాల అడుగున ఇద్దరు మనుషులు ఉంటారు, చీమలంత. వాళ్లను వేలితో మూసి చూడండి, ఆ స్తంభాలు ఎంత ఎత్తో ఎవరూ చెప్పలేరు. వేలు తీయండి, గుండె ఝల్లుమంటుంది. అంతకుముందు 1912లో జోసెఫ్ పెన్నెల్ అనే చిత్రకారుడు పనామా కాలువ తవ్వకం దగ్గరికి వెళ్లి రాతి అచ్చు కోసం బొమ్మలు గీశాడు. అందులోనూ అంతే. యంత్రాలు, గోడలు, వాటి మధ్య ఎక్కడపడితే అక్కడ చిన్న చిన్న మనుషులు. నిజాంసాగర్ బొమ్మలో కూడా కట్ట మీద సైకిల్ మీద పోయే ఒకణ్ని వేయండి. 14 అడుగుల బాట ఎంతో అప్పుడు తెలుస్తుంది.

మన దగ్గర ఆనకట్టను ఒకే రంగు గీతల్లో చూపించడం ఎప్పుడో జరిగింది. నిజాంసాగర్ పూర్తయిన 1931లోనే హైదరాబాద్ రాజ్యం కొత్త తపాలా బిళ్లలు వేసింది. అణా బిళ్ల మీద చార్మినార్, రెండణాల దాని మీద హైకోర్టు, నాలుగణాల బిళ్ల మీద ఉస్మాన్‌సాగర్ జలాశయం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేశాక, విశ్వేశ్వరయ్య గారి సలహాతో కట్టిన ఆనకట్ట అది, 1920లో పూర్తయింది. మనం గండిపేట అంటాం. అదే వరసలో పన్నెండణాల బిళ్ల మీద మన పొరుగున ఉన్న బీదర్ మదరసా. వేలి గోరు కంటే కాస్త పెద్దదైన కాగితం మీద, ఒకే సిరాతో, ఒక ఆనకట్ట ఇంటింటికీ తిరిగింది. గోడ మీదికి రావడానికి ఇంతకాలం పట్టింది.

బీదర్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. నలుపు తెలుపు మనకు సినిమాల నుంచో ఫోన్ల నుంచో వచ్చిందనుకుంటే పొరపాటు. జహీరాబాద్‌లో రైలెక్కితే కాసేపట్లో బీదర్. అక్కడి బిద్రీ పనిలో ఉన్నవి రెండే రంగులు. ఎక్కువ జింకు, కొంచెం రాగి కలిపి హుక్కా బుడ్డో, పూలకుండీయో పోత పోస్తారు. అరగదీసి, మైలుతుత్తం నీళ్లతో తాత్కాలికంగా నలుపు చేస్తారు. ఆ నలుపు మీద సూదిమొనతో గీత గీసి, ఆ గీతను సన్నటి ఉలితో తవ్వి, తవ్విన గాడిలో వెండి తీగను సుత్తితో కొట్టి ఇముడుస్తారు. మళ్లీ అరగదీస్తే ఆ తాత్కాలిక నలుపు పోయి వస్తువంతా తెల్లగానే ఉంటుంది, వెండి ఏదో జింకు ఏదో తెలియదు. చివరికి బీదర్ కోటలోని మట్టి తెచ్చి, నవాసాగరం కలిపి వేడిచేసి పట్టిస్తారు. జింకు కాటుకలా నల్లబడుతుంది. వెండికి ఏమీ కాదు. ఒక్కసారిగా గీతలన్నీ లేచి నిలబడతాయి. నలుపు మీద తెల్ల గీత అన్నమాట. పెన్ను బొమ్మలో తెలుపు మీద నల్ల గీత. అంత తేడాయే.

విచిత్రమేమిటంటే తెలుగు పత్రికల్లో కథల బొమ్మలు వచ్చిన రోజుల్లో కూడా జింకే పనిచేసింది. గీతల బొమ్మను జింకు పలక మీదికి ఎక్కించి, ఆమ్లంతో తినిపించి బ్లాకు చేసేవారు. బాపు గారి గీత మనింటికి వచ్చింది ఆ బ్లాకుల మీద నుంచే. మన ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ గారు ఎచ్చింగులతో, ఇంకు గీతలతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆయన గీసిన మేకనూ చెట్టునూ చూసినవాళ్లకు రంగు లేని లోటు తెలియదు. ఇన్ని ఉండగా నలుపు తెలుపు బొమ్మ కోసం అమెరికా డ్యామ్‌ను అరువు తెచ్చుకోవడం నాకైతే నామోషీగా ఉంటుంది.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న ఎవరైనా వేస్తారు. నిజాంసాగర్ నీళ్లు జహీరాబాద్‌కు రావు కదా, మన గోడ మీద దాని బొమ్మ ఎందుకు? నిజమే. మనది ఎత్తు ప్రాంతం. కంది, జొన్న, అల్లం, ఆలుగడ్డ అన్నీ వానను, బోరును నమ్ముకునే. నిజాంసాగర్ కాలువ మనవైపు తిరగదు, తిరగలేదు. కానీ మన వాన ఎటు పోతుందో ఎప్పుడైనా చూశారా? మన నారింజ వాగు మీద కొత్తూరు దగ్గర చిన్న ప్రాజెక్టు ఉంది. అది నిండితే నీళ్లు సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతాయి. కోహీర్ వైపు పుట్టిన కారంజా కూడా అటే పోయి, భాల్కి తాలూకాలో కట్టిన జలాశయంలో ఆగుతుంది. అక్కడ నుంచి మంజీరలో కలుస్తుంది. మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూర్, బీదర్ దాటి మన జిల్లాలోకి వస్తుంది. సింగూరులో ఆగుతుంది, అక్కడ నుంచి మెదక్ దగ్గర ఘనపురం ఆనకట్టకు పోతుంది, ఉత్తరానికి మళ్లి నిజాంసాగర్ చేరుతుంది, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే మన ఇంటి చూరు నీళ్లు పక్క రాష్ట్రం తిరిగి, మళ్లీ తెలంగాణలోకి వచ్చి, ఆ రాతి గోడకు ఆనుకుంటాయి.

నీళ్లు ఒక్కటే పోతే బాగుండేది. నీళ్లతో పాటు మట్టి కూడా పోతుంది. నిజాంసాగర్‌కు నీళ్లు చేరే పరీవాహక ప్రాంతం 21 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఇంత మేర వాన కొట్టుకొచ్చిన మట్టి ఎక్కడికి పోతుంది? కట్టినప్పుడు నిజాంసాగర్‌లో దాదాపు 30 టీఎంసీల నీళ్లు పట్టేవి. 1970ల నాటికి పూడిక పేరుకుని 12 టీఎంసీల లోపుకు పడిపోయింది. నలభై ఏళ్లలో సగానికి పైగా పోయిందన్నమాట. తర్వాత మట్టం పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఎగువన 1980లలో సింగూరు కట్టారు, దాని సామర్థ్యం 29.9 టీఎంసీలు. ఆ నీళ్లు ఎక్కువగా హైదరాబాద్ గొంతు తడపడానికే పోయాయి. నిజాంసాగర్ రైతు ఏటా సింగూరు గేట్ల వైపు చూడటం అలవాటు చేసుకున్నాడు. అయితే నేను చెప్పదలచుకున్నది పూడిక గురించి. సింగూరు రాకముందు యాభై ఏళ్ల పాటు మన ఎర్రమట్టి కూడా ఆ అడుగున చేరింది. నిజాంసాగర్‌లో మన భాగం నీళ్లే కాదు, ఆ పూడికలో కూడా మన వాటా ఉంది. ఇంత చుట్టరికం ఉన్నాక బొమ్మ పెట్టుకోవడానికి ఇంకేం హక్కు కావాలి?

సింగూరు బొమ్మే పెట్టుకోవచ్చు కదా, దగ్గర కూడా అంటారు కొందరు. పెట్టుకోండి, కాదనను. 17 గేట్లూ ఎత్తిన రోజు చూస్తే సింగూరు ముందు నిలబడలేం. అయితే అది చూడటానికి గొప్ప, గీయడానికి కాదు. పొడవైన మట్టికట్ట, మధ్యలో కాంక్రీటు. మట్టికట్టలో గీతకు పట్టు దొరకదు. కాంక్రీటు నున్నగా ఉంటుంది, అతుకుల్లేవు. పెన్ను జారిపోతుంది. పైగా సింగూరు అందం నీళ్లలో ఉంది, నీళ్లను పెన్ను గీయలేదు.

ఇది కాస్త విప్పి చెప్పాలి. పెన్ను బొమ్మలో నీళ్లను గీయం. కాగితాన్ని వదిలేస్తాం. ఒడ్డున నాలుగు గీతలు, గోడ నీడ పడిన చోట నాలుగు అడ్డగీతలు, మిగతాదంతా తెల్ల కాగితం. చూసేవాడు దాన్ని నీళ్లనుకుంటాడు. చిత్రకళలో ఇది గొప్ప సుఖం. అదే చోట గొప్ప మోసం కూడా జరుగుతుంది. ఆ తెల్లటి చోటులో ఏముందో బొమ్మ చెప్పదు. అక్కడ పూడిక ఉంది. పూడిక కింద నిజాంసాగర్ కోసం ఖాళీ చేసిన నలభై ఊళ్ల నేల ఉంది. ఇళ్లు, బావులు, గుళ్లు, దర్గాలు, చింతచెట్లు. గట్టు మీద నిలబడి తమ ఊళ్లోకి నీళ్లు రావడం చూసిన వాళ్ల బొమ్మ ఎవరూ గీయలేదు. రంగుల ఫొటోలో ఆ చోట నీలం ఉంటుంది, నీలం చూస్తే మనం తృప్తిగా ఊపిరి పీల్చి ముందుకు పోతాం. నలుపు తెలుపు బొమ్మలో అక్కడ ఖాళీ ఉంటుంది. కనీసం ఖాళీ ఉందన్న సంగతైనా కనబడుతుంది. నేను నలుపు తెలుపు వైపు నిలబడటానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

ఇక బొమ్మ గీయించాక పటం కట్టించే సంగతి. పటాల దుకాణంలో మొదట అడిగే ప్రశ్న, "సార్, లామినేషన్ కొట్టాల్నా?" వద్దనండి. చేత్తో గీసిన బొమ్మకు లామినేషన్ చేస్తే మళ్లీ విడదీయలేం, మెరుపు వల్ల గీత కూడా కనబడదు. అద్దం వేయించండి. అద్దానికీ కాగితానికీ మధ్య నాలుగు వైపులా మౌంటు అట్ట పెట్టించండి, లేకపోతే వానకాలం చెమ్మకు కాగితం అద్దానికి అతుక్కుపోతుంది. కిటికీకి ఎదురు గోడ వద్దు, ఎండకు సిరా వెలిసిపోతుంది, కాగితం పసుపెక్కుతుంది. మన ఎర్రనేల ఇళ్లలో చెదల సంగతి చెప్పనక్కర్లేదు కాబట్టి పటం గోడకు పూర్తిగా ఆనకుండా కింద రెండు చిన్న రబ్బరు బిళ్లలు అంటించండి. వాస్తు ప్రకారం నీళ్ల బొమ్మ ఏ దిక్కున ఉండాలని కొందరు అడుగుతారు. ఈశాన్యమని పంతులుగారు అంటే ఈశాన్యమే కానివ్వండి. నిజాంసాగర్‌కు అభ్యంతరం ఉండదు. ఎవరు గీయాలంటే, ముందు మీ ఊరి బడిలో డ్రాయింగ్ బాగా వేసే పిల్లనో పిల్లగాణ్నో అడగండి. బస్సెక్కించి తీసుకుపోయి ఆనకట్ట ముందు ఒక పూట కూర్చోబెట్టండి. ఫోన్‌లో ఫొటో చూసి గీస్తే అతుకులు రావు. వాళ్ల చేతిలో ఇచ్చే డబ్బు ఆన్‌లైన్ పోస్టరు ఖరీదు కంటే తగ్గకూడదు.

గోదావరి జిల్లాలకు వెళితే చాలామంది రైతుల ఇళ్లలో కాటన్ దొర పటం కనబడుతుంది. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ముఖం ఆ జనానికి తెలుసు. మంజీర మీద బతికే మనలో అలీ నవాజ్ జంగ్ ముఖం గుర్తుపట్టేవాళ్లు ఎందరు? నిజామాబాద్ దగ్గర అలీసాగర్‌కు ఆయన పేరే పెట్టారు. పిక్నిక్‌కు పోయేవాళ్లు ఆ అలీ ఎవరని అడగరు. ముఖం తెలియకపోయినా పోనీ, ఆయన కట్టించిన గోడైనా మన గోడ మీద ఉంటే బాగుంటుంది.

చివరిగా మీకో విన్నపం. పటం మూసేముందు బొమ్మ వెనక నాలుగు మాటలు రాయించండి. ఆనకట్ట పేరు. కట్టిన సంవత్సరాలు, 1923 నుంచి 1931. కట్టించిన ఇంజనీరు పేరు. గీసిన పిల్ల పేరు, గీసిన తేదీ. ఆ రోజు జలాశయంలో నీటిమట్టం ఎంతో కూడా అడిగి రాయండి. పూర్తి మట్టం 1405 అడుగులు, దానికి ఎంత తక్కువలో ఉందో ఇరవై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకు పనికొస్తుంది. అటువైపు మీ చుట్టాలుంటే మునిగిన ఊళ్లలో ఒక్క ఊరి పేరైనా తెలుసుకుని రాయండి. తెల్లగా వదిలిన చోటులో ఏముందో వెనక వైపైనా ఉండాలి. రాసేటప్పుడు పెన్సిల్ వాడండి, సిరా అయితే కాగితంలోకి దిగి ముందు వైపు కనబడుతుంది.